తూము లెక్కలో కొసరు

మా నాయనకు గోరంట్లలో కిరాణా అంగడి. కొత్త తక్కెడ వస్తే పళ్ళేలు అటుది ఇటు, ఇటుది అటు మార్చి తూచి చూసేదాకా నమ్మేవాడు కాదు. అమ్మినవాడు ఎదురుగా నిలబడి నొచ్చుకున్నా సరే. ఆ బుద్ధే నాకూ వచ్చింది.

అరవైల చివర్లో నేను ఇంజనీరింగు చదివిన దూరపు క్యాంపస్‌లో గదినిండా ఒక కంప్యూటర్ ఉండేది. దానికి తగిలించిన టైపు మిషన్లు వేరే గదుల్లో ఉండేవి. ఆ ఏడు వాటిమీద లెక్కల భాష ఒకటి పెట్టారు. లెక్క కొడితే కాగితం మీద జవాబు వచ్చేది. చేయవలసిన మెట్లు వరసగా రాసిస్తే ఎన్నిసార్లయినా చేసిపెట్టేది. అందరికీ ఒకేసారి జవాబిస్తుందన్నారు. అక్కడే నాకు అనుమానం. అంగట్లో నలుగురికి ఒకేసారి తూచేవాడు ఎవరికో తగ్గిస్తాడు.

ఒకటిని మూడుతో భాగించి, మళ్ళీ మూడుతో హెచ్చవేయమన్నాను. ఒకటి రాలేదు. సున్నా, చుక్క, ఆ వెనక అన్నీ తొమ్మిదులు. దొంగ దొరికాడనుకున్నాను.

నా ప్రాజెక్టు మా ఊరి దగ్గరి చెరువు. తూము తెరిస్తే ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో నిమిషం నిమిషానికీ లెక్క కట్టాలి. లెక్చరర్ దాన్ని ఒప్పుకుంటేనే డిగ్రీ. మిషన్ తీసే తరుగుకు నా డిగ్రీ ఎందుకు పోవాలని, ప్రతి నిమిషం మెట్టులోనూ నీటిమట్టానికి రవ్వంత కొసరు కలపమని రాశాను. గట్టి బేరమే చేశాననుకున్నాను.

మట్టం దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయింది. ఆపైన గజాల కొద్దీ కాగితం వచ్చినా అదే అంకె. పక్కగదివాళ్ళ లెక్క నాకు అంటగట్టిందేమోనని ఆ కాగితం చుట్టుకొని లెక్చరర్ దగ్గరికి పోయాను. ఆయనదీ మా జిల్లానే, తాడిపత్రి. కాగితం చివరిదాకా చూశాడు.

"ఏమప్పా, ఎండిపోని చెరువు మన జిల్లాలో యాడుండాది?"

"మిషన్ తరుగు తీస్తాండాది సార్. అందుకే కొసరేసినా."

"నిమిషానికోసారి నువ్వే నీళ్ళు పోస్తాంటే అదెట్ల ఎండుతాదప్పా? సోమవారానికి చెరువు ఎండల్ల. లేకుంటే వచ్చే ఏడు మళ్ళీ చదువుకో."

కొసరు మెట్టు తీసేశాను. మట్టం అడుక్కి దిగింది. చెరువు ఎండిందని సంతోషించిన అనంతపురం వాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అయినా మొదటి కొన్ని నిమిషాలు చేత్తో కట్టి సరిచూసుకున్నాకే ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు.

బయటికొచ్చి మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాను. ఒకటిని మూడుతో భాగించి, మూడుతో హెచ్చవేయమన్నాను. తరుగు అట్లాగే ఉంది.