యేసురత్నం సారు పేరు పెట్టలేకపోయిన ఈగ

నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన యేసురత్నం సారు ఆళ్లగడ్డలోని తన ఇంట్లో గుండె ఆగి మరణించారు. ఆ కబురు నాకు ఒకరోజు ఆలస్యంగా అందింది. ఒక మనిషితోపాటు ఆయన జీవితకాలపు పరిశోధన కూడా పోయిందని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఎమర్జెన్సీలో మా హేతువాద సభలు ఆగిపోయినప్పుడు ఆయన వెంట శిరివెళ్ల పొలాలకు వెళ్లేవాణ్ణి. ధనియాల పూల మీద గాలిలో కదలకుండా నిలిచే ఈగలను ఆయన వలతో పట్టేవారు. పసుపు, నలుపు చారలతో అవి అచ్చం కందిరీగల్లా ఉండేవి.

"సారూ, కుడితే చెయ్యి బూరె మాదిరి వాస్తాది" అన్నాడొక రైతు, దూరంగా నిలబడి.

సారు ఈగను గుప్పిట్లో మూశారు. "దీనికి ముల్లు లేదప్పా. వట్టి వేషం. రెక్కలు చూడు, రెండే. కందిరీగకు నాలుగుంటాయి."

"అయితే మా ఊరి సామికి దండం పెడతాండేదీ వేషం జూసేనేమో" అన్నాడు రైతు. నా ఉపన్యాసాలన్నీ ఆ గుప్పిట ముందు దండగ.

వాటిలో ఒక రకం ఏ పుస్తకానికీ అందలేదు. దాని రెక్కలో ఒక ఈనె, తెలిసిన ఏ ప్రజాతిలోనూ లేనట్టు వంగి ఉంది. ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నిటికీ ఇంటిపేరు లాంటిది. ఈ ఈగకు కొత్త ఇంటిపేరే పెట్టాలి. కానీ దొరికినవన్నీ మగవి.

"ఇంకెన్నాళ్లు సార్, పెట్టేయండి" అని పోరేవాణ్ణి.

"ఆడది దొరకనీప్పా. సగం చూసి పేరు పెడితే, నువ్వు తిట్టే బాబాలకూ నాకూ తేడా యాడుంటాది?"

ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఋజువు విషయంలో మాత్రం నాస్తికుణ్ణయిన నాకంటే కఠినుడు.

ఇన్నేళ్లకు, మొన్న చలికాలంలో ఆడది దొరికింది. వర్ణన రాయడం పూర్తయింది. అచ్చుకు పంపేలోగా ప్రాణం పోయింది.

నేను చేరేసరికి సమాధి చేసేశారు. సారు ఈగలను దాచిన పెట్టె ఎక్కడమ్మా అని ఆయన భార్య సుగుణమ్మను అడిగాను.

"ఆయప్పతోనే పంపిస్తిమన్నా. పానంగా చూసుకుంటాండె. ఒంటిగా పోతాడని తల పక్కన పెడ్తిమి. మంచి పనే చేస్తిమి గదా?"

"మంచి పనేనమ్మా" అన్నాను.

ఏ ఈగను చూసి పేరు పెట్టారో ఆ ఈగ, ఎవరు వచ్చినా పరీక్షించేందుకు భద్రంగా ఉండాలి. అది ఆ శాస్త్రం నియమం. రాత మిగిలింది, ఈగ లేదు. తవ్వి తీద్దామన్నాడొక మిత్రుడు. సూదికి గుచ్చిన ఎండు ఈగలు తడి నల్లరేగడిలో ఏం మిగులుతాయి? పొలాల్లో మళ్లీ వెతికి పట్టే నేర్పు నాకు లేదు.

ఆ ప్రజాతి ఉంది. కళ్లారా చూశాను. అయితే "చూశానంటే చాలదు, చూపించు" అని ఊరూరా వేదికలెక్కి నిలదీసినవాణ్ణి నేనే. రేపు నన్నెవరైనా అదే అడిగితే తల వంచుకుంటాను. నా గురువంటి మిత్రుడికి నేనివ్వగలిగిన నివాళి ఇంతే: ఆయన చెప్పింది నిజం, దాన్ని నేను నిరూపించలేను.