ఎండింది ఈడ, గండి ఆడ

మా కంప్యూటర్ సారు పోయారని ఆదివారం పొద్దున నంద్యాల నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చాను. ఏడుస్తూనే ట్రంకుపెట్టె తెరిచి, అంచుల్లో చిల్లులున్న ఒక పాత ప్రింటు కాగితం వెతికాను. అది దొరకగానే నవ్వొచ్చింది. సారును తలుచుకుంటే అంతే, దుఃఖం కూడా ఎక్కువసేపు నిలవదు.

ఎనభైల చివర ఆళ్లగడ్డలో మాకు కంప్యూటర్ పాఠాలున్నాయి గానీ కంప్యూటర్ లేదు. అది నంద్యాలలో ఉండేది. మేం ప్రోగ్రాములు తెల్లకాగితాల మీద రాసిచ్చేవాళ్లం. సారు శనివారం బస్సులో వచ్చి వాటిని పట్టుకెళ్లి, టైపు చేసి, మిషన్ ఏమన్నదో పై శనివారం తెచ్చేవారు. ఒక్క అక్షరం కూడా తాను దిద్దేవారు కాదు. "నీ చేన్లో కలుపు నువ్వే తీసుకోవల్ల" అనేవారు.

నా ప్రోగ్రాము పొలాల విస్తీర్ణం లెక్కగట్టేది. పొడవును వెడల్పుతో గుణించే ముక్కను మాటిమాటికీ రాయలేక, పైన మూడో వరుసలో దానికో పొట్టి పేరు పెట్టాను. దాన్నే మాక్రో అంటారు. ఆ పేరు ఎక్కడ రాస్తే అక్కడ మిషన్ అసలు ముక్కను పరుచుకుంటుంది. ఆ మూడో వరుసలోనే ఒక బ్రాకెట్ తెరిచి మూయడం మరిచాను.

మన రాతను మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆ సంగతి చెబితేగా! "నలభై రెండో వరుసలో బ్రాకెట్ లేదు" అంది. చూస్తే అక్కడ నేను ఆ పొట్టి పేరు వాడానంతే, బ్రాకెట్లన్నీ ఉన్నాయి. సరే, నీ మాటెందుకు కాదనాలని ఒకటి ఎక్కువ పెట్టాను. పై వారం యాభయ్యో వరుస అంది. అక్కడా పెట్టాను. మొదటి తప్పు దగ్గరే ఆగిపోయే మిషన్ అది. ఆరు శనివారాలు ఇదే తంతు. నెలాఖరుకు ప్రోగ్రాము నడవకపోతే మిషన్ మీద నా వంతు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో నాయన అప్పటికే "ఆ కాయితాలు పొయ్యిలోకన్నా పనికొస్తాయా?" అంటున్నాడు.

ఆరో శనివారం సారు బస్టాండు బల్ల మీద నా కాగితం పరిచి, ఆ ఎక్కువ బ్రాకెట్లు చూసి పకపకా నవ్వారు.

"ఏమ్మా, గండి యాడనో పడింటే, నువ్వు మడిమడికీ కడవతో నీళ్లు మోస్తాండావే!"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "గండి యాడ పడిందో అది చెప్తే కదా సార్, పూడ్చేది!"

సారు నవ్వు ఆగింది. కాలువ కింద సేద్యం చేసేవాళ్ల బిడ్డ ఆయన. చేను ఎండితే ఎండినచోట తవ్వితే లాభం లేదని, గట్టు పట్టుకుని పైకి నడవాలని ఆయనకు ఒకరు చెప్పాలా?

"నిజమేమ్మా. నీ తప్పు ఒగటే. ఆరు వారాలు తిప్పింది మాత్రం సరిగా చెప్పని మిషన్ తప్పు" అని బస్సెక్కారు.

ఆ వారం ఆయన ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. అది కంపైలర్ కంటే ముందే పొట్టి పేర్లన్నీ విప్పి, ఏ ముక్క ఏ వరుస నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. కంపైలర్ అరవగానే ఆ గుర్తులు పట్టుకుని వెనక్కి నడుస్తుంది. ఏడో శనివారం నా కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "ఎండింది 61. గండి 3."

ఎగిరి గంతేశాను. నిజంగానే, బస్టాండులో, అందరూ చూస్తుండగా! మూడో వరుసలో బ్రాకెట్ మూశాను. ఎక్కువ పెట్టినవన్నీ కొట్టేశాను.

"చూస్తివా, నీకు తెలివి లేక గాదు" అన్నారు సారు. అంతకంటే మంచి మాట నాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రోగ్రాములు రాసే బతికాను. ఆ బతుకు సారు పెట్టిందే.

నెలాఖరు శనివారం నేను గంట ముందే బస్టాండుకు పోయి నిలబడ్డాను. నంద్యాల బస్సు లోపలికి మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి సారు సగం బయటికి వంగి, కండక్టరు కేకలు లెక్కచేయకుండా, "నడిచిందిమ్మా! నడిచింది!" అని అరుస్తున్నారు. ఆయన చేతిలోని ప్రింటు కాగితం మడత మీద మడత విచ్చుకుంటూ, బస్సు వెనక చక్రం దాకా ఎగురుతూ వస్తోంది.