అవ్వ కప్పిన గోనెపట్ట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మెడలో గుర్తింపు కార్డు, జేబులో పెన్ను, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన ఫారం ఉన్న మనిషి తప్పు చేయడని. ఇరవై రెండేళ్ళకే ఆ మూడూ నాకు దొరికేసరికి ఇక నేను కూడా తప్పు చేయననే అనుకున్నాను. (పెన్ను రాసేది కాదు, అది వేరే సంగతి.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, దానికంటే ముందు కోపం వస్తుంది. ఏళ్ళు గడిచినా ఆ కోపం చల్లారలేదు. ఎవరి మీద అంటే కొంత మా సంస్థ సార్ల మీద, చాలా వరకు నా మీద, అన్నిటికంటే ఎక్కువగా ఒక నివేదిక చివర ఉన్న ఒక్క వాక్యం మీద. ఆ వాక్యం దగ్గరికి నిదానంగా వస్తాను, ముందు ఉద్యోగం సంగతి చెప్పాలి.

డిప్లొమా అయ్యాక చెన్నై అవతల వాహనాల భద్రత మీద పరిశోధన చేసే ఒక సంస్థలో చేరాను. అక్కడ కొత్త కార్లను గోడకు గుద్దిస్తారు, లోపల మనిషంత బొమ్మను కూర్చోబెట్టి దానికెక్కడ దెబ్బ తగిలిందో లెక్కలు తీస్తారు. బండ్లలో పెట్టే బ్యాటరీలను మంటల్లో పెడతారు, నీళ్ళలో ముంచుతారు, మేకు దిగ్గొడతారు. మార్కాపురం బజార్లో చిల్లర కొట్టు నడిపే మా నాయన వచ్చిన ప్రతివాళ్ళకూ "మావాడు కార్లను పరీక్ష పెట్టే ఇంజినీరు" అని చెప్పేవాడు. నిజానికి నేను ఆరు నెలల శిక్షణలో ఉన్న సహాయకుణ్ణి. పెద్దసారు మంచిమాట రాస్తే ఉంటాను, లేకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. మా అవ్వకు (నాయన తల్లి) మాత్రం ఉద్యోగం మొత్తం మీదే అనుమానం. "కొత్త కారును తీస్కపోయి గోడకు గుద్దేదానికి జీతమిస్తారా? మన ఆటోలోళ్ళు ఊరికెనే గుద్దుతాండారే, వాళ్ళను పిలవగూడదా?" అంది.

కరెంటు స్కూటర్లు అప్పుడప్పుడే చిన్న ఊళ్ళలోకి వస్తున్నాయి. ఎండ మండిపోయే చోట వాటి బ్యాటరీలు ఎంత వేడెక్కుతాయో చూడాలని మా సంస్థవాళ్ళు అనుకుంటున్నప్పుడు, ఎవరూ అడగకుండానే చేయెత్తి "మా ఊరు సార్" అన్నాను. మంచిమాట కోసం సొంత ఊరి ఎండను కూడా అమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఆ ఏడు మే నెలలో ఇద్దరు సార్లు దిగారు. ఒకరు బ్యాటరీల నిపుణుడు, నాకు మంచిమాట రాయవలసిన పెద్దసారు ఆయనే. లోలోపల ఆయనకు వేడి సారు అని పేరు పెట్టుకున్నాను. రెండో ఆయన బండ్లు గుద్దుకోవడంలో నిపుణుడు, కాబట్టి ఢీ సారు. ఇద్దరూ గిద్దలూరులో లాడ్జిలో ఉన్నారు, నేను మా ఇంట్లో. ఒక బ్యాటరీని ఆ లాడ్జి వసారాలో, అలాంటిదే ఇంకొకదాన్ని మార్కాపురంలో మా ఇంటి వసారాలో పెట్టారు. రోజూ పన్నెండు నుంచి మూడు దాకా, ఎండ చావగొట్టే వేళలోనే, దానంతట అదే ఛార్జింగ్ అయ్యేలా టైమరు పెట్టారు. పక్కనే వేడిని రాసుకునే చిన్న యంత్రం. అది వేడిని మాత్రమే రాస్తుంది, ఇంకే సంగతీ దానికి పట్టదు.

పగలంతా నేను ఢీ సారుతో, కరెంటు బండ్లున్నవాళ్ళను ప్రశ్నలడుగుతూ ఊళ్ళమీద తిరిగేవాణ్ణి. మా ఫారంలో మొదటి ప్రశ్న, 'మీ గ్యారేజీకి ఎన్ని కిటికీలు?' అని. దీన్ని రాసిన మహానుభావుడు జన్మలో రాచర్ల లాంటి ఊరు చూసి ఉండడు. అక్కడొక గొర్రెలాయన "గ్యారేజి యాడుంది సార్, గొర్రెల దొడ్లోనే పెడతా బండి" అంటే, దొడ్డికి కిటికీలెన్నో నేను లెక్క పెట్టాల్సి వచ్చింది. ఆ గొర్రెలాయనే మా కళ్ళముందు భార్యను వెనక ఒకపక్కకు కూర్చోబెట్టుకుని, ఆమె ఒళ్ళో బిడ్డను, తన కాళ్ళ దగ్గర రెండు గొర్రెపిల్లలను పెట్టుకుని బండి తీశాడు. ఢీ సారు పెన్ను మూసేశాడు. "మా బొమ్మ ఒక్కటే కూచుంటుందయ్యా" అన్నాడు, "అదీ కాళ్ళు రెండు పక్కలా వేసుకుని, ఎంతో బుద్ధిగా." ఆ మాట అన్నందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మూడు వారాలు గడిచేసరికి వేడి సారు సంబరం పట్టలేకపోతున్నాడు. గిద్దలూరు బ్యాటరీ రోజూ కుతకుతలాడుతుంటే, మార్కాపురం బ్యాటరీ మాత్రం చల్లగా కూర్చుంది. ఆయన మా ఇంటికి వచ్చి, వసారాలో పరిచిన పలకరాళ్ళ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని "ఇదీ అసలు కిటుకు!" అన్నాడు. మా ఊరి పలకరాయి వేడిని లాగేస్తోందట. లాడ్జిలో సిమెంటు నేల, ఇక్కడ పలకరాయి, తేడా అంతేనట. "మీవాళ్ళకి మీ రాయి విలువ తెలీదయ్యా" అని నా భుజం తట్టాడు. (మా ఊళ్ళో తాతల కాలం నుంచీ ఆ రాయినే చెక్కి దేశమంతటికీ పలకలు పంపిస్తున్నారు, అయినా విలువ తెలియదట.) పలకరాయి మీద పెట్టి ఛార్జింగ్ చేస్తే ఎంత ఎండలోనైనా భయం లేదని నివేదిక రాస్తానన్నాడు, నా పేరు కూడా వేస్తానన్నాడు. కాఫీ అందించిన మా నాయన ఆ మాట విన్నాడు. మా నాయన విన్నాడంటే కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళూ విన్నట్టే.

ఆ మరుసటి రోజు ఢీ సారుకు వడదెబ్బ తగిలి పడుకుంటే నేను మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. వసారాలో బ్యాటరీ కనిపించలేదు. దాని చోట ఒక తడి గోనెపట్ట ఉబ్బెత్తుగా కనిపించింది. పక్కనే అవ్వ కూర్చుని చెంబుతో దాని మీద నీళ్ళు చిలకరిస్తోంది.

మా ఇంట్లో ఎండాకాలం వేడెక్కే దేన్నీ అవ్వ ఊరికే వదలదు. కుండకొక గోనెపట్ట, మజ్జిగ దుత్తకొకటి, కొట్లోకి వచ్చే తమలపాకుల బుట్టకొకటి. పొద్దున్నే అన్నీ తడిపి కప్పుతుంది, ఆరినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు చల్లుతుంది. ఈ మూడు వారాల నుంచీ ఆ వరసలోకి నాలుగోదిగా పరిశోధన బ్యాటరీ చేరింది. నేను ఇంటికి వచ్చేసరికి తీసి దండెం మీద ఆరేస్తోంది, అందుకే నా కంట పడలేదు.

"అవ్వా! ఏంది నువ్వు చేసే పని!" అని అరిచాను.

"ఏమైందిరా? పొయ్యి మింద పెట్టిన బోకి లెక్క కాలిపోతాంది. ఉసురుమంటాంటే నోరున్నదా పాపం దానికి, చెప్పుకునేదానికి?"

"అది బ్యాటరీ అవ్వా! నీళ్ళు పోసేది కాదు!"

"పోసినానా? చిలకరించినా" అంది, చాలా నొచ్చుకుని.

పట్ట ఎత్తి చూస్తే వైర్లు తగిలించే చోట అప్పుడే పచ్చగా చిలుము పట్టింది. అది నీటిచుక్కలకు తట్టుకునే డబ్బాయే గానీ, మూడు వారాలు తడి గుడ్డ కింద ఉండటానికి చేసింది కాదు. ఇంకో నాలుగు రోజులైతే ఏమయ్యేదో సంస్థలో మంటల గదిలో నేను చూసి ఉన్నాను. ఇక్కడ నేను ధర్మరాజులాగా సరాసరి ఫోను తీసి సారుకు చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. పట్ట తీసేస్తే వేడి పెరుగుతుంది, సారు అడుగుతాడు, మూడు వారాల లెక్కలు గంగలో కలుస్తాయి, వాటితోపాటు నా మంచిమాట కూడా. రాత పని ఎల్లుండితో అయిపోతుందని సారు నిన్ననే చెప్పాడు, రెండు రోజులు ఓపిక పడితే చాలు. కాబట్టి మర్నాడు కడుపులో నొప్పని చెప్పి ఇంట్లోనే ఉండి, పన్నెండు గంటలకు గోనెపట్ట నేనే తడిపాను. (చిలుము తుడిచి, వైర్ల దగ్గర తడి తగలకుండా మడతపెట్టి మరీ కప్పాను. నా శాస్త్రజ్ఞానం ఆ మడత దాకా ఉంది.) అవ్వ గడపలో నిలబడి చూసి, "నేను చేస్తే తప్పు, నువ్వు చేస్తే చదువు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సూది కావాలని అవ్వ పంపితే ఎదురింటి దర్జీ మామ దగ్గరికి పోయాను. ఆయన ఈ మధ్యే కరెంటు స్కూటరు కొన్నాడు. ఆయన వంటింట్లో, గ్యాసు సిలిండరుకు మూరెడు దూరంలో, పలకరాయి మీద పెట్టిన బ్యాటరీ ఛార్జింగ్ అవుతోంది. తలుపులూ కిటికీ మూసి ఉన్నాయి, ఎండ రాకుండా. పక్కనే చాప మీద ఆయన మనవరాలు నిద్రపోతోంది.

"మామా, ఏందిది!"

"ఏమైందల్లుడా? మీ సార్లు చెప్పినారంట గదా, పలకరాయి మింద పెడితే ఏం కాదని. మీ నాయన చెప్పినాడు. నువ్వు గూడా పుస్తకంలో రాసినావంటనే!"

ముందు ఛార్జరు పీకాను. బ్యాటరీ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దాన్ని పట్టుకుని వీధిలోకి, అరుగు నీడలోకి పరుగెత్తాను. మామ నా వెనకే "ఏమైందిరా? ఏమైందిరా?" అంటూ వచ్చాడు. ఏమీ కాలేదు, నిజంగానే ఏమీ కాలేదు. అయి ఉంటే ఈ జ్ఞాపకం నవ్వుతూ రాసేవాణ్ణి కాదు. ఆ పిల్ల నిద్రలేచి, బ్యాటరీ ఎత్తుకుని నిలబడ్డ నన్ను చూసి నవ్వింది. అక్కడ పుట్టింది నా కోపం, ముందుగా నా మీద.

అదే సమయానికి సార్లిద్దరూ పలకరాళ్ళ ఫొటోల కోసం మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. గోనెపట్ట, చిలుము, నేను తడిపిన రోజులు, దర్జీ మామ వంటిల్లు, అన్నీ. వేడి సారు ముఖం ఎర్రబడింది. ఆయన అడిగింది పిల్ల సంగతి కాదు, వంటిల్లు సంగతీ కాదు. "అనధికార వ్యక్తులు యంత్రాన్ని ముట్టుకోకూడదని ఫారంలో స్పష్టంగా ఉంది కదయ్యా! ఆవిణ్ణి ఎందుకు రానిచ్చావు?" అన్నాడు.

అంతవరకు ఎవరికీ ఎదురు మాట్లాడని నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "ఇది ఆమె ఇల్లు సార్. ఇక్కడ అనధికారంగా వచ్చింది మీ బ్యాటరీ, ఆమె కాదు. మూడు వారాలు ఈ ఇంట్లో కాఫీ తాగారు, నేల మీద చెయ్యి పెట్టి చూశారు. ఇంట్లో మనిషిని ఒక్క మాట అడిగారా?"

ఢీ సారు మాత్రం నెమ్మదిగా వెళ్ళి అవ్వ ముందు పలకరాళ్ళ మీదే కూర్చున్నాడు. "ఎందుకు కప్పారమ్మా?" అని అడిగాడు.

"కాలతాంటే కప్పినా నాయనా. పన్నెండు నించి మూడు దాకా కొలిమే అది. అరచేతి ఎనకపక్క ఆనించి చూస్తా గదా రోజూ. పొద్దున పూట, పొద్దు గూకినాక సల్లంగానే ఉంటాది." అంతకాలం ఎవరూ అడగలేదు కాబట్టి దాచుకున్న ప్రశ్న అడిగింది. "అయినా మిట్ట మధ్యాన్నమే దానికి కరెంటెందుకు పెడతారు? ఎండనపడి వచ్చిన ఎద్దును నీడన కట్టేసి, కాస్త ఆరనిచ్చి గదా మేత ఏస్తారు. బండి తిరిగొచ్చినాక దీన్నీ అట్లనే కాసేపు ఊరికె పెట్టండి. పొద్దు గూకినాక పెట్టుకోండి కరెంటు. వంటింట్లో మాత్రం ఒద్దు. నీళ్ళు తప్పన్నారు, సరే, ఇంక చిలకరించన్లే."

ఢీ సారు రాసుకున్నాడు. వేడి సారు పలకరాళ్ళ వైపు చూసి, చివరికి ఆయన కూడా పెన్ను తీశాడు. ఆ సాయంత్రం దర్జీ మామకు, కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ అసలు సంగతి చెప్పే పని నాయన మీద పెట్టాను. నిజాన్ని కూడా అంతే వేగంగా పంచాడు, అది ఒప్పుకోవాలి.

నా శిక్షణ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. నిజాయితీ ఉంది గానీ జాగ్రత్త లేదని రాశాడట వేడి సారు. ఆ ఏడాది చివర నివేదిక వచ్చింది. తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనివ్వాలి, ఎండ తగ్గాక ఛార్జింగ్ పెట్టాలి, వంటింట్లో వద్దు. అన్నీ అవ్వ మాటలే, ఎద్దు ఒక్కటే లేదు. వాటి కింద సార్ల పేర్లున్నాయి. అవ్వ ప్రస్తావన చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. మార్కాపురం లెక్కలు పనికిరావు, కారణం అనధికార వ్యక్తి జోక్యం. మొదట్లో చెప్పానే, ఆ వాక్యం ఇదే.

నివేదిక తెచ్చి చదివి వినిపిస్తుంటే అవ్వ "దాంట్లో నేనుండానా?" అని అడిగింది. ఉన్నావన్నాను. ఎక్కడ అంది. చివర్లో అన్నాను. "సివర్లోనన్నా పెట్టినారు, మంచోళ్ళే" అని మురిసిపోయి, ఆ పేజీని వేలితో తడిమి చూసుకుంది. అక్కడేం రాసి ఉందో నేను చెప్పలేదు. అవ్వ ఇప్పుడు లేదు, ఇక చెప్పే పని కూడా లేదు.

ఇప్పుడు అదే సంస్థలో, పొట్ట కొంచెం పెంచుకుని, నేనూ ఒక సారునయ్యాను. నాకేం పేరు పెట్టుకున్నారో తెలియదు. పోయిన నెల మా దగ్గర కొత్తగా చేరిన కనిగిరి అమ్మాయి పంపిన లెక్కల్లో ఒక బ్యాటరీ వింతగా చల్లగా ఉంది. ఫోను చేసి, గొంతు పెంచి, "ఎవరమ్మా అనధికారంగా ముట్టుకుంది?" అని అరిచాను. అరిచాక ఆ గొంతు నాకే వినిపించింది. అటునుంచి చిన్నగా "మా అమ్మమ్మ సార్" అంది ఆ పిల్ల. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఆమెకు ఫోను ఇవ్వు" అన్నాను.

గాజుల చప్పుడు, తర్వాత దగ్గు, తర్వాత ఒక అనుమానపు గొంతు. "ఎవరు నాయనా నువ్వు?"

హోదా చెప్పబోయి ఆగిపోయాను. "మార్కాపురం అవ్వ మనవణ్ణమ్మా" అన్నాను. "అది ఏ పూట కాలుతోందో చెప్తావని."