మీవమ్మ ఎవరిని చేసుకుంది

దేవక్క మోకాళ్లు వంగడం మానేసి చాలా కాలమైంది. నోరు మాత్రం ఇప్పటికీ పడుచుదే. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊళ్లో ఆమె ఇల్లు. మొగుడు గిడ్డయ్య పోయినప్పటి నుంచి కొడుకు దగ్గరే ఉంటోంది.

"ఇంట్లో కూసోమ్మా, నీ పత్తి లేకుంటే మిల్లులేమన్నా నిలిసిపోతాయా?" అని కొడుకు నాగేంద్ర రోజూ అంటాడు. ఇంట్లో కూర్చుంటే మాటలకు దొరికేది కోడలొక్కతే. ఆ కోడలికేమో "ఊ" అనడానికే బద్ధకం. అందుకే పొద్దున్నే కూలి ఆటో హారన్ వినిపిస్తే చాలు, దేవక్క సద్దిగిన్నె పట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంటుంది.

పత్తికి కూలి కిలోల లెక్కన. వంగలేని మనిషి మూట ఏం తూగుతుంది? కానీ వాళ్ల గుంపులో ఒక పద్ధతి ఉంది. చేలో కథ చెప్పే మనిషి ఒడిలో, సాలు ముగిసినప్పుడల్లా తలా పిడికెడు పత్తి వేయాలి. కథ రుచిగా ఉంటే పిడికెడు దోసెడవుతుంది. రుచి తగ్గితే చేతులు దులుపుకుని పోతారు. దేవక్క మూట నిండేది ఆ పిడికిళ్లతోనే. మూట తేలికైతే గుంపుపెద్ద చౌడమ్మ మొహమాటపడే రకం కాదు. ఆటోలో ఆ చోటు మర్నాడే ఇంకొకరిది.

తనకు తెలిసిన కథలన్నీ అరిగిపోయాక దేవక్కను ఆదుకున్నది మనవరాలు పల్లవి ఫోను. పల్లవి ఇంటర్ తప్పి, తానూ పత్తికి వస్తోంది. రాత్రుళ్లు మంచం మీద బోర్లాపడి ఫోన్లో జపాను బొమ్మల కథ చదివేది. అందులో ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం బొమ్మలు చూసి అల్లేది. మిహో అని ఒక బడిపిల్ల. ఆమె వెనక ఇద్దరు. ఒకడిది నల్లజుట్టు, మాట తక్కువ. ఇంకొకడిది తెల్లజుట్టు, నవ్వు ఎక్కువ. నెలకొక భాగం వచ్చేది.

దేవక్క ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈయప్ప వయసైనోడు కదే. పిల్ల సుట్టూ తిరుగుతాండాడంటే మేనమామ అయ్యుంటాడు."

వాడూ అదే క్లాసు పిల్లాడని, రంగుల్లేని బొమ్మల్లో బంగారు రంగు జుట్టును అలా తెల్లగా వదిలేస్తారని పల్లవికి తెలుసు. చెప్పలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని, "అయ్యుంటాడవ్వా" అంది.

"మరి బడికెందుకొస్తాడు?"

"పిల్లను కాపాడుకోవాల గదవ్వా."

"అదీ నిజమేలే."

ఇక మర్నాటి నుంచి చేనంతా మామ పక్షమే. అక్క కూతురి మీద మామకు కాక ఇంకెవరికి హక్కు? చౌడమ్మ తన మేనమామనే చేసుకుంది కాబట్టి ఆమెకు మరీ పట్టుదల. మిహో పోయి మీవమ్మ అయింది. మీవమ్మకు జ్వరమొస్తే గుంపులోని మల్లేశ్వరి దిగులుపడి ఆ పూట సద్ది సరిగా తినలేదు. కొత్తగా కాపురానికొచ్చిన వనజ ఒక్కతే నల్లజుట్టు వాడి వైపు మాట్లాడి, చౌడమ్మ చేత తిట్లు తినేది.

అలా రెండేళ్లు గడిచాయి. ఈ ఏడు పత్తి పగిలే వేళకు ఆఖరి భాగం వచ్చింది. మిహో నల్లజుట్టు వాడి చెయ్యి పట్టుకుంది.

దేవక్క ఫోను దగ్గరికి జరిగింది. "మరి మామ?"

"రైలు స్టేషన్లో నిలబడి నవ్వినాడవ్వా. సూడు, రంగుల బొమ్మ." ఆఖరి భాగం కాబట్టి కొన్ని పుటలకు రంగులు వేశారు. తెల్లజుట్టు బంగారంలా మెరుస్తోంది. కింద మొహం నున్నగా, మీసమైనా మొలవకుండా ఉంది.

"ఈడు పిల్లోడే!"

పల్లవి అప్పుడు నిజం చెప్పింది.

"రెండేండ్లు నాతో బొంకిస్తివి గదే, దొంగముండా!"

"మామ అన్నది నువ్వే కదవ్వా. నేను ఊ అంటి, అంతే."

చెప్పు ఎగిరొచ్చింది. పల్లవి తప్పుకుంది.

మామనే చేసుకుందని చెప్పేద్దామా అంటే, వనజకూ ఫోనుంది, వెతికి పట్టేస్తుంది. నిజం చెబితే పిడికిళ్లు ఆగిపోతాయి, ఆటో పోతుంది, మిగిలేది కోడలు. దేవక్క ఉన్నదున్నట్టే చెప్పడానికి గుండె గట్టి చేసుకుంది.

మర్నాడు సాలు మధ్యలో మిహో చెయ్యి పట్టుకున్న మాట చెప్పగానే వనజ ఈల వేసింది. చౌడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"మామను కాదన్యా? గొడుగు పట్టిన మామను, జరమొస్తే కాసుకున్న మామను?"

"మనసు యాడుంటే ఆడికే పోతాది గదక్కా" అంది వనజ.

"నోరు ముయ్యి. ఇట్లాంటి కతకు రెండేండ్లు పత్తి పోస్తిమా? దేవక్కా, రేప్పొద్దున..."

ఆ రేప్పొద్దున ఏమిటో వినకుండానే దేవక్క అరిచింది. "ఆయప్ప మామ కాదమ్మే! పిల్లోడు! తప్పు నాదే. ఆ జుట్టు తెలుపు కాదు!"

"యాదీ, సూపీ."

పల్లవి ఫోను ఇచ్చింది. చౌడమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఎండకు అడ్డం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత జాలిగా తలెత్తింది.

"దేవక్కా, నీ కండ్లు పోయినాయి. ఇది గోరింటాకు."

అందరూ మూగారు. "మా లక్ష్మప్పన్న నెరిసిన తలకు పెట్టుకుంటే అచ్చం ఇదే రంగు" అంది చౌడమ్మ. "మీసం గూడ గొరిగించినాడు, సూడండి. ఎంత పడుసుగా అగుపిస్తాండాడో! ఈ యేషంతో స్టేషనుకు పోయినాడంటే ఊరికే పోలేదు. ఆ మిడిమేలపుది కాదంటే పిల్లే దొరకదా? సంబంధం సూసుకునేకి పోతాండాడు!"

దేవక్క నోరు తెరిచింది. పల్లవి వైపు చూసింది. పల్లవి పత్తిచెట్టులో తల దూర్చేసింది, వీపు మాత్రం ఊగుతోంది. దేవక్క నోరు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి కావచ్చు.

చౌడమ్మ దోసెడు పత్తి తెచ్చి ఆమె ఒడిలో పోసింది. "ఊఁ, సెప్పు. రైలెక్కినాడా?"

"ఎక్కినాడు" అంది దేవక్క. ఫోన్లో లేని మాట అలవోకగా వచ్చేసింది. "ఎక్కి, ఆదోనిలో దిగినాడు."

"ఆదోనిలోనా! ఈ ఎండకా?" మల్లేశ్వరి కళ్లు నీళ్లు పెట్టుకుంది. "తిని దిగినాడా అక్కా, తినకనా?"

"యాడ తింటాడు పాపం."

"సూడు దాని బుద్ధి!" చౌడమ్మ జపాను ఎటో తెలియక ఎమ్మిగనూరు వైపు తిరిగి తిట్టింది. "మొగుడు దొరికినాడని ఎగురుడే కానీ, మామ ఊరికి పోతాంటే ఇంత సద్దన్నా కట్టియ్యల్యా!"