మెరకలో వదులుకున్న చోటు

నా తెలుగులో లోపాలుంటే పాఠకులు మన్నించాలి. పగలు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సాయంత్రపు బడిలో మొదలుపెట్టి డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి. అలంకారాలు నాకు రావు. ఆ బడిలో నాకు అక్షరం దిద్దించిన టీచరమ్మగారు అవనిగడ్డ దగ్గరి మా ఊళ్ళో ప్రభువునందు నిద్రించారని మొన్నటి వానల్లో బందరుకు ఫోను వచ్చింది. వెళ్ళాను. అక్కడ చూసినది రాయకపోతే ఆమె నేర్పిన అక్షరాలకు అవమానం.

ఆమె చర్చి వసారాలో కూలిజనానికి చదువు చెప్పేవారు. సుద్దముక్క ఒకటే ఉంటే విరిచి పంచేవారు. క్రిస్మస్ ప్రేమవిందులో వడ్డించేవాళ్ళ వెనకే నడిచేవారు. మాంసం కోసం నేను మెడ చాస్తే, "నీ ఆకులోకి వచ్చేది వస్తుందిలేరా. పక్కవాడి ఆకులో ఏం పడిందో చూడు ముందు" అనేవారు. తాను మాత్రం అందరూ లేచాక, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో తినేవారు. ఎందుకండీ అని అడిగితే, "కడుపు నిండాక ఇచ్చేది ఇవ్వడం కాదురా, పారెయ్యడం" అన్నారు.

మా సమాధుల తోటలో మెరక కొంచెమే. మిగిలినదంతా పల్లం. వానాకాలంలో మోకాలి లోతు తవ్వితే నీళ్ళు ఊరతాయి. అందుకే బతికుండగానే మెరకలో తమ పేరిట రాయి పాతించుకోవడం మా సంఘంలో ఆనవాయితీ. టీచరమ్మగారికీ భర్త సమాధి పక్కన ఒక రాయి ఉండేది. కొన్నేళ్ళ కిందట ముసురు పట్టిన రోజుల్లో, కొత్తగా బాప్తిస్మం పొందిన ఒక కూలీ భార్య చనిపోయింది. "మెరకంతా అయిపోయిందండీ" అన్నారు సంఘ పెద్దగారు. టీచరమ్మగారు తన రాయి చూపించి, పీకేసి అక్కడ తవ్వమన్నారు.

"మరి రేపు మీ సంగతేంటమ్మా?"

"బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు సమాధిక్కూడానా అండీ! నిలబడ్డవాళ్ళని కూర్చోనివ్వండి."

అందరూ నవ్వారు. నవ్వి, తమ రాళ్ళకు సున్నం వేయించుకున్నారు.

మొన్న చర్చిలో ఆమె శవపెట్టె ముందు వాళ్ళే ఒకరి తరవాత ఒకరు లేచి ఆమె త్యాగాన్ని పొగిడారు. సిలువను తలచుకుని కళ్ళు తుడుచుకున్నారు. బయట పల్లంలో గుంట తవ్వుతుంటే నీళ్ళు నిండుతున్నాయి. నేను ఊరుకోలేక అడిగాను: "మెరకలో ఇన్ని రాళ్ళున్నాయి. ఒక్కరైనా వదులుకోలేరా?"

"మా ఆవిడ ఒప్పుకోదు బావా" అన్నాడొకడు.

"నీకక్కడ రాయి లేదుగా, ఎన్నైనా అడుగుతావు" అన్నాడింకొకడు.

లేదు. నిజమే. అయినా మళ్ళీ అడిగాను. సంఘ పెద్దగారు గొంతు సవరించుకున్నారు. "ఆవిడ కావాలని వదులుకున్న చోటండీ. ఇప్పుడు మనం ఇంకోటి ఇచ్చేస్తే ఆ త్యాగానికి విలువేముంటుంది?"

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు. ఒక మంచిమనిషి త్యాగాన్నే తమ స్వార్థానికి కాపలా పెట్టుకున్న తెలివి అది. సర్వం వదులుకున్న ప్రభువును గురించి ప్రతి ఆదివారం పాడే నోళ్ళే ఈ మాటా పలికాయి. వదులుకోవడమంటే ఎదుటివాళ్ళు వదులుకోవడమేనని మేము ఎప్పుడు నేర్చుకున్నామో నాకు తెలియదు. టీచరమ్మగారు మాత్రం మాకలా నేర్పలేదు.

దీన్ని ముందుగా ఆ పెద్దలు చదవాలి. ఆ తరవాత, మెరకలో రాయి ఉన్న ప్రతి ఇంటా ఇంటి యజమాని లేచి నిలబడి, భార్యాబిడ్డలకు వినబడేటట్టు చదవాలి. ఆ రోజు గొడుగు వేసుకుని ఉండడం వల్ల సరిగా చూడలేదేమో, వారి కోసమే ఇది కూడా రాస్తున్నాను. గుంటలోకి దించిన పెట్టె నీళ్ళ మీద తేలింది. కూలీలు నడుములోతు బురదలో దిగి, దాన్ని రెండు చేతులా కిందికి అదిమి పట్టుకున్నారు. చెప్పులకు బురద అంటకుండా పెద్దలు ఎవరి రాయి మీద వారు ఎక్కి నిలబడి, త్వరగా మట్టి వెయ్యండని పైనుంచి కేకలు వేస్తున్నారు.