కిరసనాయిలుతో తుడిచిన రాజు

మొన్న బాబాయి పన్నెండో రోజు భోజనాల్లో ఒకాయన పులిహోర నములుతూ, "దొరసాని దేవుణ్ణి చెరిపిన మహానుభావుడు కదూ!" అన్నాడు. బంతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఎంత పుక్కిలించినా నోట్లో రోత పోలేదు. ఆ పని చేసింది బాబాయి కాదు, నేను.

తెల్లదొరలు ఇళ్ళు ఖాళీ చేసి పోతున్న రోజులవి. రాయపూర్ రైల్వే కాలనీలో ఒక ఇంజనీరు బంగళా సామాను వేలం వేస్తే జనం కుర్చీలకూ పింగాణీకీ ఎగబడ్డారు. బాబాయి మాత్రం చెక్కమీద ఒక మనిషి బొమ్మ వేసిన పటం తెచ్చాడు. ఒంటిమీద కవచం, చేతిలో కత్తి, తల చుట్టూ బంగారు వలయం. "తల ఎనకాల ఎలుగుందంటే దేవుడే గదరా" అని మా శనివారం భజనలో పెట్టేశాడు. విజయనగరం వాళ్ళం, బొట్టులేని దేవుడు మా కళ్ళకు ఆనడు. నేను వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటర్ని కనుక, "మొగం బోసిగుంది, నామం తీర్చరా" అన్నాడు. నేను నామంతో ఆగానా? వ్యాగన్ రంగుతోనే కోరమీసం దిద్ది, బుగ్గలకు నీలం పూశాను. ఆడవాళ్ళు హారతులిస్తుంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండా, ఇంకా ఊరు వదలని ఆ ఇంజనీరు దొరసాని వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడది రష్యా. నౌకరు తెలియక పటాన్ని వేలంలో కలిపేశాడట. పుట్టింటి నుంచి తనకు మిగిలింది అదొక్కటేనని వచ్చీరాని హిందీలో చెప్పింది. పటంలో ఉన్నాయన ఏడువందల ఏళ్ళ కిందటి రాజట. గడ్డకట్టిన సరస్సు మీద శత్రువుల్ని తరిమాడట. చివర్లో సన్యాసం పుచ్చుకున్నాడట, అక్కడివాళ్ళు ఋషిగా కొలుస్తారట. బాబాయి చేతులు జోడించి, "సాయంత్రానికి శుభ్రం చేసిస్తాం మేంసాబ్" అని పంపి, "కొబ్బరినూనె గుడ్డతో నెమ్మదిగా తియ్యరా" అని నాకు చెప్పి డ్యూటీకి వెళ్ళాడు. తప్పు పడిన నంబరును కిరసనాయిలుతో తుడిచెయ్యడం మా అలవాటు. అదే చేశాను. మీసంతో పాటు పెదవులు, పెదవులతో పాటు కళ్ళు గుడ్డకంటుకుని వచ్చేశాయి. గుడ్డ నిండా నీలం, బంగారం కలిసిన జిడ్డు. పటంలో వట్టి చెక్క.

సాయంత్రం ఆవిడ పటంలో మొహం ఉండాల్సిన చోట వేళ్ళతో తడిమి, "కిస్‌నే కియా?" అని, చేసిందెవరని అడిగింది. ముప్ఫై దాటినా నాది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. దొరసాని ఒక్క మాట చెబితే పోతుంది. నేను బాబాయికేసి వేలు చూపించాను. ఆయన నన్నొకసారి చూసి, "నేనే మేంసాబ్. మాఫ్ కీజియే" అన్నాడు. ఆవిడ పటాన్ని శాలువలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

భజనవాళ్ళు బాబాయి చేతిలో తాళాలు లాక్కున్నారు. "నువ్వు ముట్టుకుంటే మా దేవుడి మొగం కూడా పోతుందయ్యా" అన్నారు. నా ఉద్యోగం పర్మనెంటయ్యాక ఆయన ఒక్కసారే, "పనైందిగా, ఇక ఆ సంగతి ఒగ్గీ" అన్నాడు. ఎనిమిదేళ్ళు మా అరుగుమీద నా ఎదురుగానే కూర్చున్నాడు. తప్పైందని చెబుదాంలే, ఎక్కడికి పోతాడు అనుకున్నాను. నాకున్నంత కాలం ఆయనకూ ఉందని ఎలా అనుకున్నానో.