జాకబ్ గారి ఇంట్లో మూలిగిన ఇన్వర్టర్

రెండువేల సంవత్సరం దాటిన తొలి దశకం. ఇనుప ఖనిజం గనుల ఊరు కిరండూల్, అక్కడి బజారులో ఒక గది అద్దెకు తీసుకుని ఇన్వర్టర్లు తయారుచేసి అమ్మేవాణ్ణి. ఊళ్లో నన్ను పిలిచేవాళ్లంతా ఏదో ఒకటి ఆగిపోతేనే పిలిచేవాళ్లు. మిగతా రోజుల్లో సాయంత్రం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఒక వానాకాలం జాకబ్ గారు ఫోన్ చేశారు. విజయనగరం వైపు మనిషి, ఖనిజం రైళ్లు నడిపి రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లలు లేరు. ఊపిరితిత్తులు దెబ్బతిని, గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటర్ మీద బతుకుతున్నారు. కరెంటు పోతే దాన్ని నడపడానికి ఇన్వర్టర్ నేనే చేసిచ్చాను.

"బాబూ, నీ ఇన్వర్టర్ మీద మిషను మూలుగుతంది. నాకంటే దానికే ఎక్కువ ఆయాసం. కాసేపటికి ఆగిపోతంది."

వెళ్లి చూశాను. కరెంటు మీద బాగానే నడుస్తున్న కంప్రెసర్, అంటే కాన్సంట్రేటర్‌లో గాలిని నొక్కే మోటారు, ఇన్వర్టర్ మీదికి మార్చగానే గుర్రుమంది. పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆసిలోస్కోప్ తగిలించాను. అది కరెంటు అల ఆకారాన్ని తెరమీద చూపే పరికరం. నున్నగా ఉండాల్సిన అల నెత్తి చదునై, పక్కలు నలిగిపోయి ఉంది. అసలు అలతో పాటు దానికి మూడింతలు, అయిదింతలు వేగంగా ఊగే చిన్న అలలు కలిస్తే ఇలా అవుతుంది. వాటినే హార్మోనిక్స్ అంటారు. అవి మోటారును తిప్పవు, వేడెక్కిస్తాయి.

ఇచ్చేముందు నా గదిలో బల్బులు వెలిగించి పరీక్ష చేశాను. మోటారు పెట్టి చూడలేదు.

"తప్పు నాదేనండి. ఇది బాగయ్యేదాకా ఆస్పత్రిలో ఉందురుగాని, పదండి."

"మలేరియా రోజులు గదా, మంచాలు కాళీ లేవన్నారు. ఉన్నది ఈ ఆక్సిజన్ సిలిండరొక్కటే. కొండ విరిగి పడి బండ్లాగిపోనాయి, ఇంకోటి ఎప్పుడొస్తదో. తప్పంటావేటి, సెయ్యి ముందు."

కరెంటు ఉంటే కాన్సంట్రేటర్, పోతే సిలిండర్. దాని మీటరు ముల్లు కిందికి దిగుతుంటే ఆయన దానివైపు చూసేవారు కాదు, నేనే చూసేవాణ్ణి. బయటికొచ్చే వోల్టేజిని ఎప్పటికప్పుడు కొలిచి ఇన్వర్టర్‌ను నడిపించే చిప్పు మైక్రోకంట్రోలర్‌కు చెప్పే చిన్న సర్క్యూట్ అతికించాను. తర్వాత ప్రోగ్రామ్ మార్చాను. ఒక అలలో ఎక్కడెక్కడ తేడా వచ్చిందో గుర్తుపెట్టుకుని, తర్వాతి అలలో అక్కడ సరిచేయడం దాని పని.

మొదటిసారి స్విచ్ వేయగానే మోటారు కొట్టుకుని ఆగిపోయింది. తేడా మొత్తాన్ని ఒక్క అలలోనే దిద్దబోయాను. అల మరింత చెదిరింది. గబగబా స్విచ్ తీసేశాను. ఆయన ముక్కుకు గొట్టంతో మంచం మీద కూర్చుని, "కంగారు పడకు. బండి దిగుడులో ఒక్కసారే బ్రేకెయ్యకూడదు" అన్నారు.

ప్రతి అలకూ కొంచెం కొంచెమే దిద్దేలా మార్చాను. మర్నాడు మధ్యాహ్నం, సిలిండర్ ముల్లు ఎర్రగీత మీదున్నప్పుడు, మళ్లీ స్విచ్ వేశాను. తెరమీద అల నెమ్మదిగా నున్నబడింది. మూలుగు ఆగింది.

"ఆగిపోనాదేటి?"

"లేదండి, నడుస్తోంది."

గంట తర్వాత కూడా కంప్రెసర్ గోరువెచ్చగానే ఉంది.

వారం తిరక్కుండానే ఆయన ఫోన్, ఒకసారి వచ్చి మిషను చూడమని. వెళ్లి అన్నీ తగిలించి చూశాను. ఏ లోపమూ లేదు. అదే చెప్పాను.

"తెలుసు బాబూ," అన్నారు ఆయన కిటికీ వైపు చూస్తూ. "మూలిగినప్పుడు నువ్వొచ్చీవోడివి. ఇప్పుడది మూలగదు గదా."

సంచీ కింద పెట్టి స్టవ్ వెలిగించి టీ పెట్టాను.

అప్పటినుంచి ఏ ఇన్వర్టరైనా అది నడపబోయే యంత్రంతోనే పరీక్షించి ఇచ్చాను. బల్బులు అబద్ధం చెప్పలేదు, నేనే వాటిని అడగాల్సింది అడగలేదు. ఇక జాకబ్ గారు పోయేదాకా, రెండేళ్లపాటు, ఆదివారాలు ఆయన ఇంటికి వెళ్లేవాణ్ణి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎవరికోసం వెళ్లేవాణ్ణని అడిగితే, ఆయన కోసమేనని మాత్రం చెప్పలేను.